హ్యాండిల్ కనిపించని తలుపు

నేను చేసిన పనుల్లో అన్నిటికన్నా అందమైనది ఒక కారు వెనక తలుపు. నేను చేసిన తప్పుల్లో అన్నిటికన్నా పెద్దదీ అదే.

ఇరవై ఏడేళ్లపాటు కార్లలో సౌండు సిస్టమ్‌లకి తలుపు లోపలి వైపు బిగించే ప్యాడ్లు, డిక్కీలో స్పీకరు పెట్టెలు, డాష్‌బోర్డులు తయారుచేసి, కళ్లు మొరాయించాక మానుకున్నాను. చేతులు ఇప్పటికీ బాగానే ఉన్నాయి. నా పనితనం గురించి నాకెప్పుడూ అనుమానం లేదు. ఆ రోజుల్లో బెజవాడలో నాకన్నా బాగా చేసేవాడు ఉన్నాడని ఎవరైనా అంటే, వాడి చేత ఒక ప్యాడ్ చేయించి పట్టుకు రమ్మనేవాణ్ని. ఎవరూ తెచ్చినట్టు గుర్తు లేదు. ఆ ధీమా ఒకసారి నన్ను ఎక్కడికి తీసుకెళ్లిందో, ఇవాళ కంప్యూటర్లో బొమ్మ గీసి మిషను మీద ప్యాడ్లు కోస్తున్న కుర్రాళ్లకి చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

మా నాన్న రిక్షాలకి టాపులు, సీట్లు కుట్టేవారు. రెగ్జిన్ ముడత పడకుండా లాగి మేకు కొట్టటం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. తర్వాత సోఫాలు చేసే చోట చేరితే వడ్రంగం వచ్చింది. తొంభైల మధ్యలో బెంజ్ సర్కిల్ దగ్గర కార్ల డెకరేషన్ షాపు పెట్టిన ఒకాయన నన్ను పిలిచి పనిలో పెట్టుకున్నారు. ఆయనది పొలాలున్న కుటుంబం. వ్యవసాయం తమ్ముడికి వదిలేసి వ్యాపారంలోకి వచ్చారు. మనిషి మంచివాడే. కాకపోతే షాపు బోర్డు మీద ఈగ వాలినా సహించేవారు కాదు.

నాతోపాటు వైరింగ్ చేసే అతనొకడు ఉండేవాడు. పెళ్లిళ్లకీ నాటకాలకీ మైకు సెట్లు కట్టి కట్టి ఈ పనిలోకి వచ్చాడు. వైరు తొడుగు పళ్లతో ఒలుస్తూ కూడా మాట్లాడగలిగిన మనిషి. పని అయ్యేసరికి నాకు ఊళ్లో సంగతులన్నీ తెలిసిపోయేవి.

అప్పట్లో మాకు ఈ పని నేర్పినవాళ్లు లేరు. కారుతో వచ్చిన ప్యాడ్ విప్పి, అట్ట మీద దాని ఆకారం గీసుకుని, ప్లైవుడ్ కోసి, స్పీకరు కూర్చునే చోట చెక్క చట్రం లేపేవాళ్లం. దాని మీద బనీను గుడ్డ లాగి కట్టి రెజిన్ పూస్తే, గుడ్డ గట్టిపడి ఒంపు తిరిగేది. ఆ పైన ఫైబరు, లప్పం, రోజంతా ఎమ్రీ కాగితంతో రుద్దుడు, చివరికి రెగ్జిన్. మొదటిసారి రెజిన్‌లో గట్టిపడే మందు ఎక్కువ పోశాను. మగ్గు నా చేతిలోనే పొగలు కక్కి రాయిలా గడ్డకట్టింది. వైరింగ్ అతను ఆ మగ్గుని షాపు తలుపుకి అడ్డంగా పెట్టి, వచ్చినవాళ్లందరికీ "మా భాయ్ చేసిన మొదటి శిల్పం అండీ" అని చూపించేవాడు. ఏడాది తిరిగేసరికి హైదరాబాదు నుంచి కూడా కార్లు మా దగ్గరికి రావడం మొదలుపెట్టాయి.

అలాంటప్పుడు వచ్చారు కంకిపాడు అవతల రైస్ మిల్లున్న ఒక పెద్దాయన. యాభై ఐదేళ్లుంటాయి. కొత్త కారు కొన్నారు. ఆయనకి పద్యనాటకాలంటే ప్రాణం. వయసులో ఉన్నప్పుడు కిరీటం పెట్టుకుని వేషాలు వేశారు. ఇప్పుడు గొంతు సహకరించక, క్యాసెట్లు పోగేసుకుని వింటున్నారు.

"సాయిబు గారూ, నాకు దడదడలు అక్కర్లేదు. పద్యం ఎత్తుకున్నప్పుడు హార్మోనియం నా మోకాళ్ల దగ్గర ఉన్నట్టుండాల. రాగం తీసేటప్పుడు ఎక్కడా గర్రుమనకూడదు. కారు డ్రైవరు నడుపుతాడు, నేను వెనక కూర్చుని వింటా. ఏం చేస్తారో మీ ఇష్టం" అన్నారు.

అడిగేవాడికి చెవి ఉంటే చేసేవాడికి హుషారు వస్తుంది. వెనక తలుపుల్లోనే పెద్ద స్పీకర్లు పెట్టాలని నిర్ణయించాను. ప్యాడ్లు చేసి, బిగించి, ఆయన్ని పిలిచాం. ఆయన కళ్లు మూసుకుని సగం పద్యం విని, వేలెత్తారు.

"ఎడమ పక్క ఏదో ఈగ ముసురుతున్నట్టుంది."

మాకు వినపడలేదు. మళ్లీ వేయించారు. మూడోసారి నాకూ వినపడింది. గాయకుడు కింది స్థాయికి దిగినప్పుడల్లా తలుపు లోపలి హ్యాండిల్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ గిన్నె సన్నగా అదురుతోంది. గ్లాసు తిప్పే హ్యాండిల్ కూడా దానికి వంత పాడుతోంది. బిగించి చూశాను, తగ్గింది కానీ పోలేదు. రెండు రోజులు అదే పనిగా కుస్తీ పట్టి, మూడో రోజు నాకొక గొప్ప ఆలోచన వచ్చింది. చప్పుడు చేసేవాటిని అసలు తీసేస్తే సరి.

గ్లాసు తిప్పే హ్యాండిళ్లు తీసేసి మోటార్లు పెట్టించాను. వాటి స్విచ్చులు డ్రైవరు దగ్గర మాత్రమే ఉంచాం. తలుపు హ్యాండిల్ పీకేసి, దాని కడ్డీని పొడిగించి, చెయ్యి ఆనించుకునే గట్టు కింద ఒక చిన్న మీట పెట్టాను. గట్టు అడుగున వేళ్లు దూర్చి పైకి లాగితే తలుపు తెరుచుకుంటుంది. లాక్ మొన కూడా పైకి కనపడకుండా కోసేశాను. ఆ పైన పొగాకు రంగు రెగ్జిన్ ఒకే ముక్కగా, ఎక్కడా అతుకు లేకుండా లాగాను. కిటికీ కింద నుంచి స్పీకరు దాకా ఒకే ఒంపు, నదిలో ఇసుక మేట మీద గాలి వీచినట్టు. అందులో కన్ను ఆగే చోటే లేదు.

వైరింగ్ అతను వచ్చి చూశాడు. చాలాసేపు చూశాడు.

"బాగుంది భాయ్. తలుపు తీసేది ఎట్టా?"

నేను వేళ్లు దూర్చి తీసి చూపించాను.

"అది నీకు తెలుసు. తెలియనోళ్ల మాటేంటి?"

"ఒకసారి చెబితే తెలుస్తుంది. నువ్వు నీ వైర్ల సంగతి చూసుకో" అన్నాను.

అతను భుజాలెగరేసి సెంట్రల్ లాకింగ్ వైర్లు కలపడానికి వెళ్లిపోయాడు. ఆ మాట నేను అన్న తీరు నాకిప్పటికీ గుర్తుంది. కోపంగా అనలేదు. నవ్వుతూ, పెద్దమనిషిలా అన్నాను. అదే ఇంకా సిగ్గుగా అనిపిస్తుంది.

మిల్లు పెద్దాయన వచ్చి కూర్చున్నారు. పద్యం మొదలైంది. రాగం దిగుతూ దిగుతూ అడుగుకి వెళ్లింది. ఎక్కడా ఈగ లేదు. ఆయన కళ్లవెంట నీళ్లు కారాయి. దిగి, అందరి ముందూ నా రెండు చేతులూ పట్టుకున్నారు. ఆ తలుపు ఫొటో తీసి, ఫ్రేము కట్టించి షాపు గోడకి తగిలించారు ఓనరు గారు. ఆ ఫొటో చూసి వచ్చినవాళ్లు "మాకూ అట్టాగే చెయ్యండి" అన్నారు. పది నెలల్లో అలాంటి తలుపులు మరో తొమ్మిది కార్లకి పెట్టాను.

మరుసటి ఏడు వర్షాకాలంలో, ఒక ఉదయం మిల్లు పెద్దాయన భార్యతో కలిసి బంధువుల ఇంట్లో పెళ్లికి బయలుదేరారు. ఆ రోజు డ్రైవరు రాలేదు. ఆయనే నడిపారు. ఆవిడకి మోకాళ్ల నొప్పులు, కాళ్లు చాపుకోవడానికి వెనక కూర్చున్నారు. కాలవ గట్టు మీద వెళ్తుండగా ఎదురుగా గడ్డి ట్రాక్టరు వచ్చింది. దారివ్వడానికి ఆయన కారు పక్కకి తీశారు. నాని ఉన్న గట్టు అంచు విరిగింది. కారు మెల్లగా, ముక్కు కిందకి పెట్టి కాలవలోకి జారింది. నాట్లకి వదిలిన నీళ్లు, కాలవ నిండుగా ఉంది.

ఆయన పక్క కిటికీ సగం దించి ఉంది. అందులోంచి ఎలాగో బయటపడ్డారు. ఆవిడ వెనక ఉండిపోయారు. ముందు భాగం మునిగింది, కరెంటు పోయింది, గ్లాసులు దిగవు. తలుపులు లాక్ పడి ఉన్నాయి, లోపలి మీట లాగితేనే తెరుచుకుంటాయి. నాట్లు వేస్తున్న కూలీలు పరిగెత్తుకొచ్చి కాలవలోకి దూకి, బయటి నుంచి లాగినా రాలేదు. ఆయన నీళ్లలో నిలబడి, గ్లాసు మీద కొడుతూ, "కిందకి! చెయ్యి కిందకి పెట్టు!" అని అరుస్తున్నారట. లోపల ఆవిడకి ఏమీ వినపడలేదు. నీళ్లు మెడ దాకా వచ్చాయి. చివరికి ఒక కూలీ గట్టు మీద పార తీసుకుని వెనక అద్దం పగలగొట్టాడు. ఆవిడని అందులోంచి లాగారు. చెయ్యి చీరుకుపోయి పదకొండు కుట్లు పడ్డాయి. ప్రాణం దక్కింది.

ఈ సంగతంతా మాకు నాలుగో రోజున, కారు ట్రక్కు మీద మా షాపు ముందు దిగినప్పుడు తెలిసింది. సెట్టు బాగుచెయ్యడానికి పనికొస్తుందేమో చూడమని పెద్దాయన పంపించారు. తీసుకొచ్చిన మనిషి జరిగినదంతా చెప్పి, "అమ్మగారికి కంగారులో తలుపు తీయటం చేతకాలేదండీ" అని ముగించాడు.

నేను వెనక తలుపు తెరిచాను. లోపల బురద వాసన. రెగ్జిన్ మీద బురద ఎండి పొరలా ఉంది. తడిగుడ్డతో తుడిచాను. తుడుస్తుంటే నా చెయ్యి ఒకచోట గరుగ్గా తగిలింది.

గోళ్ల గీతలు. నాలుగు వేళ్లవి, ఒకదాని మీద ఒకటి, ఎన్నిసార్లు గీశాయో లెక్క తెలియదు. కొన్నిచోట్ల రెగ్జిన్ చిరిగి కింద ఫైబరు కనిపిస్తోంది. అవి తలుపంతా లేవు. అంతా ఒక్కచోటే, అరచెయ్యంత మేర. కారు తయారైనప్పుడు హ్యాండిల్ ఎక్కడుందో, సరిగ్గా అక్కడ.

ఆవిడ కంగారుపడలేదు. నీళ్లు మెడ దాకా వస్తున్నా, ఏ కారులోనైనా హ్యాండిల్ ఎక్కడుంటుందో అక్కడే వెతికారు. అక్కడ నేను ఏమీ ఉంచలేదు.

వైరింగ్ అతను నా పక్కన నిలబడి చూశాడు. "చెప్పానా" అంటాడనుకున్నాను. అనలేదు. ఒంగి, లాక్ మొన ఉండాల్సిన చోట వేలు పెట్టాడు. "లాక్ కలిపింది నేనే కదా భాయ్" అన్నాడు.

నాకు ఇంకా ఒక అనుమానం మిగిలింది. నా పని మీద ప్రేమ అంత తొందరగా వదల్లేదు. మీట సులువుగానే అందుతుందిగా, తెలిసినవాడికి ఇబ్బంది ఏముంటుంది అనుకున్నాను. మా దగ్గర అదే రకం తలుపులున్న ఇంకో కారు చిన్న రిపేరుకి వచ్చి ఉంది. దాని వెనక సీట్లో కూర్చుని, కళ్లకి తువ్వాలు కట్టుకున్నాను. "నువ్వు బయట నుంచి గట్టిగా బాదు, కేకలు పెట్టు. నేను తీస్తాను" అన్నాను వైరింగ్ అతనితో.

అతను కారు టాపు మీద రెండు చేతులతో బాదుతూ కేకలు పెట్టాడు. నా చెయ్యి నేరుగా పాత హ్యాండిల్ ఉండే చోటికే వెళ్లింది. తడిమాను. లేదు. మళ్లీ తడిమాను. ఆ మీట నేను నా చేత్తో వంచి, రంధ్రం వేసి, బిగించినది. అది ఎక్కడుందో నాకు కాక ఎవరికి తెలుసు? అయినా చెయ్యి కిందకి వెళ్లే ముందు మూడుసార్లు అక్కడే వెతికింది. బయట రోడ్డు మీద పొడిగా ఉన్న కారులో, ఊపిరి ఆడుతుండగా ఇది.

దిగేసరికి ఓనరు గారు అక్కడ నిలబడి ఉన్నారు.

"ఏంటి భాయ్ ఈ వేషాలు? కస్టమర్లు చూస్తన్నారు."

చెప్పాను. గోళ్ల గీతలు చూపించాను. ఆయన చూసి ముఖం తిప్పుకున్నారు.

"కాలవలో పడితే ఏ కారైనా అంతే. ఆయన మనల్ని ఒక్క మాట అన్నారా? అనలేదు. ఇంకెందుకు మనంతట మనం గోక్కోవడం? తలుపు ప్యాడ్లు మార్చి పంపించెయ్యి."

"ఆవిడకి చెప్పాలండీ" అన్నాను.

"చెప్పి?"

మధ్యాహ్నం నమాజు చేసుకుని, కంకిపాడు బస్సెక్కాను.

ఆ ఇంటి వరండాలో పెద్దాయన అక్కయ్య, బావగారు, మరో బంధువు పరామర్శకి వచ్చి కూర్చున్నారు. పెద్దాయన నన్ను చూసి సంతోషంగా లేచారు. "రండి రండి సాయిబు గారూ. ఇదుగో, ఆ తలుపులు చేసింది ఈయనే" అని వాళ్లకి పరిచయం చేసి, జరిగింది మళ్లీ చెప్పడం మొదలుపెట్టారు. పక్కనే కుర్చీలో చేతికి కట్టుతో ఆవిడ కూర్చున్నారు. "నేను బయట నుంచి మొత్తుకుంటానే ఉన్నా. ఈవిడ కంగారులో ఒక్కచోటే గీరుతా కూర్చుంది. ఏడాది నుంచీ ఎక్కే కారు, తలుపు తీయటం రాకపోతే ఎట్టా చెప్పండి?" అని నవ్వారు. బంధువులు కూడా కొంచెం నవ్వారు. ఆవిడ నేల చూస్తున్నారు. ఆ మాట ఆవిడ అప్పటికి ఎన్నిసార్లు విన్నారో ఆ ముఖం చూస్తే తెలిసింది.

నేను నిలబడే మాట్లాడాను.

"అమ్మగారూ, మీకు తలుపు తీయటం రాక కాదండీ. హ్యాండిల్ ఉండాల్సిన చోటే మీరు వెతికారు. అక్కడి నుంచి దాన్ని పీకేసింది నేను. సౌండు బాగా రావాలని, చూడ్డానికి బాగుండాలని పీకేశాను. ఇవాళ కళ్లకి గంతలు కట్టుకుని నేనే కూర్చుని చూశా. చేసినవాణ్ని, నాకే వెంటనే దొరకలేదు. తప్పు మీది కాదు, నాది."

పెద్దాయన నవ్వు అలాగే ఆగిపోయింది. ఆవిడ తలెత్తి మొదట నన్ను కాదు, ఆయన్ని చూశారు. తర్వాత నా వైపు తిరిగారు.

"నేను మొద్దుదాన్నే అనుకుంటన్నా నాయనా" అన్నారు. "నాలుగు రోజుల నుంచీ ఇదే మాట. నాకూ అట్టాగే అనిపించింది. చావుబతుకుల్లో ఉండి కూడా తలుపు తీసుకోవటం రాలేదే అని."

"లేదమ్మా."

"కూర్చో. మంచినీళ్లు తాగు."

తాగాను. ఆవిడ ఏదో ఆలోచిస్తూ చేతి కట్టుని వేళ్లతో నిమురుతున్నారు. హఠాత్తుగా అడిగారు:

"ఇట్టాంటి తలుపులు ఇంకెన్ని కార్లకి పెట్టావు?"

"తొమ్మిదింటికండీ."

"మరి ఇక్కడ కూర్చున్నావేంటి?"

నా ఉద్యోగ జీవితంలో నన్ను చాలామంది తొందరపెట్టారు. ఎవరూ అంత మెల్లగా చెప్పలేదు, ఎవరి మాటకీ నేను అంత త్వరగా లేవలేదు.

తొమ్మిది కార్ల సంగతి చెప్పగానే ఓనరు గారు కుర్చీలోంచి లేచారు. "మన పనిలో లోపముందని మనమే ఊరంతా దండోరా వేసుకోవాలా? ఆ బోర్డు మీద పేరు నాది భాయ్" అన్నారు. నాకు ఆయన బాధ అర్థమైంది. వాదించలేదు. శుక్రవారం నా సెలవు రోజు. ఆ రోజు నా పనిముట్లతో నేను వెళ్తాను, షాపు పేరు ఎత్తను, అది మాత్రం ఆపొద్దని అడిగాను. వైరింగ్ అతను పక్క నుంచి, "నాదీ శుక్రవారమే సెలవు అనుకోండి" అన్నాడు. అతని సెలవు ఆదివారం.

మొదట గుడివాడలో ఒక డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. ఆయన మేం చెప్పింది మొత్తం వినకుండానే తాళాలు చేతిలో పెట్టారు. రెండో ఆయన పటమటలో కుర్ర కాంట్రాక్టరు. ఆయన అంత సులువుగా లొంగలేదు.

"హ్యాండిల్ కనపడితే ఇక దానికీ మామూలు కారుకీ తేడా ఏముందండీ? నేను ఈత వచ్చినోణ్ని. ఏం పర్లేదు" అన్నారు.

"మీ అమ్మగారు ఉన్నారా ఇంట్లో?" అన్నాను.

ఉన్నారు. పిలిచారు. వెనక సీట్లో కూర్చోబెట్టి, తలుపు వేసి, "అమ్మా, తీసుకుని దిగండి" అన్నాను. ఆవిడ అటూ ఇటూ చూశారు. తడిమారు. రెండు నిమిషాలకి గ్లాసు మీద కొట్టడం మొదలుపెట్టారు. కొడుకు నవ్వుతూ నిలబడ్డవాడు, ఆవిడ ముఖంలో భయం చూసి చటుక్కున పరిగెత్తి తలుపు తీశాడు. ఆవిడ దిగి చెమట తుడుచుకుని, "ఏరా, నన్ను ఇందులో పెట్టా గుడికి తీసుకెళ్తున్నావు?" అన్నారు. ఆ సాయంత్రమే ప్యాడ్లు విప్పాం.

ఆ తర్వాత ఎవరికీ ఉపన్యాసం ఇవ్వలేదు. ఇంట్లో పెద్దవాళ్లెవరైనా ఉన్నారా అని అడిగేవాళ్లం, అంతే. ఒకాయన మాత్రం కారు భీమవరంలో చేపల చెరువులున్నవాళ్లకి అమ్మేశారు. అక్కడికి వెళ్లి, ఆ కారు వెతికి పట్టుకుని, మేమెవరమో వాళ్లకి నమ్మకం కలిగించేసరికే సగం రోజు గడిచింది. బాగున్న ప్యాడ్లు ఊరికే మార్చి పోతామంటే దొంగలమనుకున్నారు. మేము పని చేస్తున్నంతసేపూ కర్ర పట్టుకుని ఒకడు కాపలా కాశాడు. పని అయ్యాక వాడే చేపలు కట్టిచ్చాడు.

నాలుగో శుక్రవారం షాపుకి పనిముట్లు తీసుకోవడానికి వెళ్తే, ఓనరు గారు తన వ్యాను తాళాలు బల్ల మీద పెట్టి ఉంచారు. "బస్సుల్లో ప్లైవుడ్ మోసుకుంటూ తిరిగితే చూసేవాళ్లు ఏమనుకుంటారు?" అన్నారు నా వైపు చూడకుండా. గోడ మీద ఆ తలుపు ఫొటో ఉన్నచోట మేకు మాత్రమే మిగిలి ఉంది.

మిల్లు పెద్దాయన కారు చివర చేశాను. అన్నిటికన్నా బాగా చెయ్యాలని చివరికి ఉంచుకున్నాను. హ్యాండిల్ పాత చోటికే వచ్చింది, లాక్ మొనా గ్లాసు తిప్పే హ్యాండిళ్లూ వచ్చాయి. ఇక మిగిలింది ఆ ఈగ మోత. ప్లాస్టిక్ గిన్నె విప్పి, దాని వెనక సైకిల్ ట్యూబు ముక్క అరచెయ్యంత కోసి అంటించి, మళ్లీ బిగించాను. మోత పోయింది. పూర్తిగా పోయింది. ఆ ముక్క కొయ్యడానికీ అంటించడానికీ పావుగంట పట్టింది. ఏడాది క్రితం ఈ పావుగంట ఆలోచించి ఉంటే సరిపోయేది. కానీ అప్పుడు నేను మోత ఆపడం గురించి ఆలోచించలేదు, అందరూ నోరు తెరుచుకుని చూసే తలుపు గురించి ఆలోచించాను. చేతిలో పనితనం పెరిగిన రోజుల్లో ఇది మీకూ వస్తుంది. చిన్న మరమ్మతు చిన్నతనంగా అనిపిస్తుంది. అప్పుడు కాస్త ఆగండి. మీ పనిలో రోజూ కూర్చునేది మీరు కాదు.

కారు సిద్ధమైందని కబురు పెడితే, మరునాడు పదింటికి ఆటోలో భార్యాభర్తలిద్దరూ వచ్చారు. పెద్దాయన నేరుగా క్యాసెట్ తీయబోయారు. ఆవిడ ఆపారు.

"ముందు నేను."

వెనక సీట్లో కూర్చున్నారు. తలుపు వెయ్యమన్నారు. నేను వేసి, పక్కకి జరిగాను. గ్లాసులోంచి చూస్తున్నాను. ఆవిడ కళ్లు మూసుకున్నారు. కాసేపు కదల్లేదు. ఊపిరి బిగబట్టారని పైట కదలకపోవడం చూసి తెలిసింది. షాపులో గ్రైండరు ఎవరో ఆపేశారు. ఆవిడ కుడిచెయ్యి లేచింది. ఇంకా కుట్ల మచ్చ ఎర్రగా ఉన్న చెయ్యి. నేరుగా వెళ్లి హ్యాండిల్ మీద పడింది. తలుపు తెరుచుకుంది.

ఆవిడ దిగలేదు. మళ్లీ వేసుకుని, మళ్లీ కళ్లు మూసుకుని తీశారు. మూడోసారి కూడా తీశారు. తర్వాత అటు జరిగి రెండో తలుపు తీసుకుని దిగి, చుట్టూ తిరిగి వచ్చి భర్త ముందు నిలబడ్డారు.

"ఇప్పుడు మీరు."

"నాకెందుకే?"

"కూర్చోండి. కళ్లు మూసుకోండి."

అంతమంది ముందు కాదనలేక ఆయన ఎక్కారు. కళ్లు మూసుకున్నారు. ఏడాదిపాటు రోజూ ఆ కారులో తిరిగిన మనిషి, ఆ మీటకి బాగా అలవాటు పడిపోయారు. చెయ్యి నేరుగా, చెయ్యి ఆనించుకునే గట్టు కిందకి, పాత మీట చోటికి వెళ్లింది. అక్కడ వెతికారు. వేళ్లు లోపలికి పెట్టి లాగారు. ఏమీ లేదు. కనుబొమలు ముడిచి మళ్లీ వెతికారు. ఆ తర్వాతే చెయ్యి పైకి వచ్చింది.

తలుపు తెరుచుకునేసరికి ఆవిడ నవ్వుతున్నారు. పైట నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వుతున్నారు. వైరింగ్ అతను ముఖం అటు తిప్పుకున్నాడు. పెద్దాయన కిందకి దిగి, ఒక నిమిషం అందరినీ చూసి, చివరికి ఆవిడ వైపు చూశారు.

"నాకు మూడుసార్లు పట్టింది" అన్నారు, బంధువుల ముందు మాట్లాడినంత గట్టిగానే.

"నాకు ఒక్కసారే" అన్నారు ఆవిడ. "ఆ మాట మీ అక్కయ్యకీ, బావగారికీ కూడా చెప్పండి. పదండి, ఇప్పుడు మీ పద్యం వేసుకోండి."